నాలుగు శాఖల కారు

సువర్ణలోచని ఇంజనీరింగు కళాశాలలో దేన్నైనా నాలుగుతో భాగించాకే మొదలుపెడతారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ అని అక్కడ శాఖలు నాలుగు. వెనకెప్పుడో వార్షికోత్సవంనాడు ముందు వరుస సోఫా ఏ శాఖాధిపతికి దక్కాలన్న దగ్గర మాటామాటా పెరిగి, సోఫా కాళ్ళు ఊడి, ముఖ్య అతిథి నిలబడే ప్రసంగం ముగించి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ మర్నాడే యాజమాన్యంవారు సర్క్యులరు తీశారు. ఇకపై ఈ ప్రాంగణంలో అడుగుపెట్టిన ఏ వస్తువైనా, ఏ గౌరవమైనా, ఏ కష్టమైనా నాలుగు శాఖలకూ సమంగా పంచబడును అని అందులో ఉంది. పంపకం చూసుకోడానికి సమభాగ సంఘం అని ఒకటి ఏర్పడింది. ప్రిన్సిపాలు సర్వేశ్వరరావుగారు దానికి అధ్యక్షులు, నలుగురు శాఖాధిపతులూ సభ్యులు.

అప్పట్నుంచీ కళాశాల ప్రశాంతంగా ఉంది. వినాయక చవితి లడ్డూని సివిల్ వాళ్ళు టేపుతో కొలిచి కోస్తారు. పై ఊళ్ళనుంచి ఉపన్యాసానికి వచ్చిన పెద్దమనిషి పావు ఉపన్యాసం ఒక శాఖలో చెప్పి, లేచి వెళ్ళి, తరవాతి పావు పక్క శాఖలో చెప్తాడు. మొదలు విన్నవాళ్ళకి చివర తెలియదు, చివర విన్నవాళ్ళకి విషయమే తెలియదు. లైబ్రరీకి ఒకే ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు వస్తే, దాన్ని బైండరు చేత నాలుగు పుస్తకాలు చేయించి పంచారు. ఆ కాలేజీ సివిల్ కుర్రాళ్ళకి ఎఫ్ అక్షరం దాటి ఇంగ్లీషు రాదని బయట చెప్పుకుంటారు గాని, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఇలాంటి కళాశాలలో రేసు కారు పుట్టింది.

ఆ ఏడు కాలేజీలన్నిటికీ రేసు కార్ల పిచ్చి పట్టుకుంది. విద్యార్థులే కారు తయారుచెయ్యాలి, దాన్ని తమిళనాడులో ఒక పరుగుబాట మీద పోటీలో నడపాలి. పక్క ఊరి కాలేజీవాళ్ళు హెల్మెట్లు చంకన పెట్టుకుని తీయించుకున్న ఫొటోతో బస్టాండులో ఫ్లెక్సీ కట్టేసరికి, మన యాజమాన్యానికి నిద్ర పట్టలేదు. కళాశాల వెనక జీడితోటలో ఊరికే పడి ఉన్న రేకుల షెడ్డు తాళం తీసి, మెకానికల్ ఆఖరి సంవత్సరం చదువుతున్న సింహాద్రి చేతిలో పెట్టి, కారు తయారు చెయ్యమన్నారు.

పైడితల్లి ఆ షెడ్డులోకి ఎవరూ పిలవకుండానే వచ్చింది. మొదటి సంవత్సరం పిల్ల. సాలూరు వైపు ఊరు. వాళ్ళ నాన్న సామాన్ల ఆటోలో జీడిపిక్కలు తోలుతాడు. హాస్టల్లో ఆమె గదిలోని మిగతా ముగ్గురూ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటారు. మాట్లాడనివాళ్ళని వాళ్ళు ఊరుకోనివ్వరు. ఎందుకు మాట్లాడవు, కోపమా, పొగరా, ఒంట్లో బాగులేదా అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పడానికైనా మాట్లాడాలి కదా, అందుకని ఆమె సాయంత్రాలు జీడితోటలోకి వచ్చేది. ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తూంటే, కారు చట్రం కింద పడుకుని ఉన్న సింహాద్రి తల తిప్పకుండానే, ఆ లైటు కాస్త పట్టుకుంటావేటమ్మా అన్నాడు. పట్టుకుంది. అంతే. అతను ఇంకేమీ అడగలేదు. మర్నాడు కూడా వచ్చి లైటు పట్టుకుంది. ఆ షెడ్డులో మాట్లాడకపోవడం తప్పు కాదు. ఇనుము మీద చెయ్యి పెట్టి పనిచేసేవాళ్ళెవరికీ మాటలకి తీరిక లేదు. పుట్టి బుద్ధెరిగాక, తన ఊరు కాని చోట ఆమె ఊపిరి నిండా పీల్చుకున్నది అక్కడే.

కారు నడిపేవాళ్ళు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు నాలుగు శాఖలూ నలుగురు పేర్లు పంపాయి. సీటు ఒకటే కనుక నలుగురినీ కొట్టేశారు. ఆ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలు ఇంకా ఏ శాఖ లెక్కలోకీ రారు. వాళ్ళని సైన్సు విభాగం చూసుకుంటుంది, సైన్సు విభాగం నాలుగింటిలో లేదు. సోఫా గొడవలో వాళ్ళని ఎవరూ అడగలేదు కూడా. కాబట్టి ఎవరిదీ కాని మనిషి కావలసి వచ్చి, నాన్న ఆటో నడిపి లైసెన్సు తెచ్చుకున్న పైడితల్లి డ్రైవరయింది. బరువు తక్కువని సింహాద్రి సంతోషించాడు. శాఖ లేదని సంఘం సంతోషించింది.

ఇంజను ఒక పాత మోటారు సైకిలుది. కుర్రాళ్ళు తలా కాస్తా వేసుకుని కొన్నారు. కాలేజీ ఇచ్చిన డబ్బు ఇంక రెండే రెండింటికి సరిపోతుంది. ఒకటి ఆయిల్ కూలరు. ఇంజను ఆయిలు వేడెక్కి పలచబడిపోకుండా, దాన్ని సన్నటి రేకుల జాలీలోంచి తిప్పి గాలితో చల్లార్చే చిన్న పెట్టె. రెండోది చక్రాల దగ్గర కుదుపు తట్టుకునే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు. బంగారు రంగులో మెరిసే విదేశీ షాకబ్జార్బర్ల బొమ్మలు ఫోనులో చూపించి అవే కావాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. సింహాద్రి ఒప్పుకోలేదు.

"మెరిస్తే ఏటొస్తాదిరా. నాలుగూ ఒక్కలాటివి గావాల, అంతే. ఒకే మోడలు పాత బళ్ళవి నాలుగూ విశాపట్నం తుక్కు షాపుల్లో దొరికిపోతాయి. కూలరు కూడా పాతదే సాలు. ముందు మూతి కాడ గాలికి కడితే అదే పనిసేస్తాది."

అతి చవకైన ఆలోచన, అతి సులువైన ఆలోచన. ఇది రాసి సంతకాలు పెట్టి సంఘానికి పంపారు. అక్కడితో దాని ఆయుష్షు తీరింది.

సంఘం సమావేశంలో సర్వేశ్వరరావుగారు ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. 

"మిత్రులారా, కారుకి చక్రాలు నాలుగు. మనకి శాఖలు నాలుగు. ఇంతకాలం మనం పంచుకోలేనివాటిని బలవంతాన పంచుకున్నాము. పంపకం కోసమే నిర్మింపబడిన వస్తువు ఈనాటికి మన ముందుకి వచ్చింది."

చక్రానికో శాఖ అని తీర్మానం అయిపోయింది. ఆ చక్రానికి సంబంధించిన స్ప్రింగు ఎంపిక, కొనుగోలు, బిగింపు, గౌరవము ఆ శాఖకే చెందును. పక్క శాఖ చక్రం విషయంలో జోక్యం చేసుకొనరాదు.

వెంటనే గొడవ వచ్చింది. ముందు చక్రాలెవరివి, వెనక చక్రాలెవరివి. వెనక చక్రం తీసుకోడానికి ఎవరూ సిద్ధంగా లేరు. కంప్యూటర్స్ హెడ్డుగారైతే, దేశమంతా తమ శాఖ ముందుండి నడుస్తూంటే ఈ కాలేజీలో వెనక చక్రమా అని లేచి నిలబడిపోయారు. చీటీలు వేశారు. చీటీల్లో మెకానికల్‌కీ సివిల్‌కీ ముందు చక్రాలు వచ్చాయి. మిగతా ఇద్దరూ చీటీల పద్ధతినే తప్పుపట్టారు. అప్పుడు సివిల్ హెడ్డు భద్రయ్యగారు, ఆయన వాస్తు కూడా చూస్తారు, మెల్లిగా ఒక దారి చూపించారు. కారుకి ముందు, వెనక అనే మాటలు రద్దు చెయ్యాలి. కారు తూర్పు ముఖంగా ఉన్నదని భావించి, ఎడం ముందు చక్రాన్ని ఈశాన్య చక్రమని, కుడి ముందుది ఆగ్నేయమని, కుడి వెనకది నైరుతి అని, ఎడం వెనకది వాయవ్యమని పిలవాలి. మూలల్లో హెచ్చుతగ్గులు ఉండవు. అలా మెకానికల్‌కి ఈశాన్యం, సివిల్‌కి ఆగ్నేయం, ఎలక్ట్రానిక్స్‌కి నైరుతి, కంప్యూటర్స్‌కి వాయవ్యం రాసిచ్చారు.

కారు వివరాలు చెప్పడానికి పిలిపించిన సింహాద్రి చేతులు కట్టుకుని, కారు మలుపు తిరిగితే దిక్కులు కూడా తిరిగిపోతాయి కదండీ అన్నాడు.

సర్వేశ్వరరావుగారు అతన్ని జాలిగా చూశారు. "కారు తిరుగుతుంది నాయనా. కాగితం తిరగదు."

ఆ పక్షంలోనే స్ప్రింగులు వచ్చాయి. మెకానికల్ వాళ్ళు సింహాద్రి చెప్పిన పాత మోటారు సైకిలు షాకబ్జార్బరే తెచ్చారు. అది చూసి భద్రయ్యగారు పెదవి విరిచారు. వేలితో నొక్కితే లోపలికి పోయేదాన్ని పునాదిలో పెట్టడం ఆయన సర్వీసులో చూడలేదు. సివిల్ శాఖలో కదిలేదాన్ని లోపం అంటారు. ఆయన ఇటుకలు తోలే ట్రాక్టరు తొట్టి కిందనుంచి ఒక స్ప్రింగు విప్పించి తెచ్చి, దానిమీద ఇద్దరు అటెండర్లని ఎక్కించి గెంతించి, అది వెంట్రుకవాసి కదలలేదని నిరూపించి బిగించారు. ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తమ వాటా డబ్బంతా కుదుపును కొలిచే మీటరు మీద పెట్టారు. దానికి ఎర్ర దీపం ఉంది. చక్రం గోతిలో పడిందంటే అది వెలిగి, చక్రం గోతిలో పడినట్టు తెలియజేస్తుంది. స్ప్రింగుకి డబ్బు మిగలక, మూలపడ్డ మోపెడ్డుది ఒకటి తగిలించారు. కంప్యూటర్స్ వాళ్ళ స్ప్రింగు అన్నిటికన్న గొప్పది. అది తెర మీద అద్భుతంగా పనిచేసింది. హెడ్డుగారు ప్రిన్సిపాలుగారికి చూపిస్తే, ఎత్తైన గుట్టల మీదనుంచి దూకినా చెక్కుచెదరలేదు. అసలుది తయారయ్యేవరకూ తాత్కాలికంగా ఉంటుందని, పాత ప్యాసింజరు ఆటోలోంచి తీసిన, నూనె కారుతున్న షాకబ్జార్బరు ఒకటి పెట్టి వెళ్ళారు. తాత్కాలికమైనది ఆ కళాశాలలో ఎప్పుడూ తీసెయ్యబడలేదు.

నాలుగూ బిగించి కిందికి దించేసరికి, కారు వాయవ్యం వైపు ఒరిగి, పాలు పితికించుకోడానికి ఇష్టంలేని గేదెలా నిలబడింది.

ఇంక ఆయిల్ కూలరు. అది ఒకటే. ముందు మూతి దగ్గర పెడితే ఈశాన్య, ఆగ్నేయ చక్రాలకి దగ్గరవుతుంది, కాబట్టి మిగతా ఇద్దరూ ఒప్పుకోరు. వెనక పెడితే ఈ ఇద్దరూ ఒప్పుకోరు. నాలుగు కూలర్లు కొనడానికి డబ్బు లేదు. దాన్ని రంపంతో కోస్తే పనిచేస్తుందా అని మెకానికల్ హెడ్డుగారిని అధికారికంగా అడిగారు. ఆయన వారం గడువు తీసుకుని, పనిచేయదని రాతపూర్వకంగా తెలియజేశారు. అందుచేత నాలుగు చక్రాలకీ సమాన దూరంలో ఉండేలా కారుకి సరిగ్గా నడిమధ్య పెట్టాలని నిర్ణయమైంది. సివిల్ వాళ్ళు రెండు మూలల నుంచి రెండు మూలలకి నూలు తాళ్ళు కట్టారు. తాళ్ళు కలిసినచోట సున్నంతో గుర్తు పెట్టారు.

గుర్తు డ్రైవరు సీటు కింద పడింది.

అక్కడ గాలి చొరబడదు. గాలి లేకపోతే కూలరు కూలరు కాదు, మరుగుతున్న ఆయిలు నింపిన డబ్బా. సింహాద్రి ఆ మాట చెప్పబోయాడు. దూరం విషయంలో సాంకేతిక అభ్యంతరం ఏదైనా ఉంటే చెప్పమన్నారు. దూరం సరిగ్గానే ఉందన్నాడు. అయితే ఇంకేమిటన్నారు.

ఆటస్థలంలో మొదటిసారి కారు నడిపినప్పుడు పైడితల్లికి నాలుగు శాఖలూ వేరువేరుగా అర్థమయ్యాయి. సివిల్ చక్రం ఎక్కడ రాయి తగిలినా ఆ రాయిని ఉన్నదున్నట్టు ఆమె పళ్ళలోకి పంపింది. కంప్యూటర్స్ చక్రం మలుపులో చతికిలబడింది. ఎలక్ట్రానిక్స్ చక్రం గోతిలో పడి, దెబ్బ తగిలాక ఎర్ర దీపం వెలిగించి, దెబ్బ తగిలిందని చెప్పింది. మూడో చుట్టుకి కింద ఇడ్లీ పాత్ర మూత మీద కూర్చున్నట్టయింది. కారు ఆపి దిగి, హెల్మెట్టు తీసి, గడ్డిలో కాసేపు నిలబడింది.

"అన్నా," అంది, తల దించుకుని. "కూకోలేకపోతన్నాను."

సింహాద్రి ఆమెని వెంటబెట్టుకుని ప్రిన్సిపాలుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా సానుభూతితో విన్నారు. కారులో సీటు ఏ శాఖకీ చెందినది కాదు గనక, సీటు ఇబ్బంది సంఘం పరిధిలోకి రాదన్నారు. సైన్సు విభాగానికి రాసుకోవచ్చునన్నారు. తరవాత అసలు విషయం చెప్పారు. నాలుగు శాఖలకీ సామాన్ల గదులు చాలడం లేదు. నలుగురు హెడ్లూ షెడ్డు అడుగుతున్నారు. కారు పోటీలో గమ్యం చేరితే షెడ్డు అవిభక్తంగా మీకే ఉంటుంది. చేరకపోతే మధ్యలో గోడలు లేపి విభక్తం చేయబడుతుంది.

బయటికి వచ్చాక సింహాద్రి, ఇష్టం లేకపోతే మానెయ్యమ్మా, ఎవులేటనుకున్నా పర్లేదు అన్నాడు. పైడితల్లికి షెడ్డులో నాలుగు గోడలు కనిపిస్తున్నాయి, నాలుగు తాళాలు కనిపిస్తున్నాయి, తను మళ్ళీ హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని ఎందుకు మాట్లాడటం లేదో వివరిస్తూ ఉండటం కనిపిస్తోంది.

"గోనె సంచి తడిపేసి ఏసుకుంటాన్లే అన్నా," అంది.

పోటీకి కాలేజీ బస్సులో వెళ్ళారు. నలుగురు హెడ్లూ బస్సులో నాలుగు మూలలా కూర్చున్నారు, ప్రిన్సిపాలుగారు నడిమధ్య. అక్కడ కార్లు తనిఖీ చేసే తమిళ పెద్దమనిషి ఒకాయన, నెరిసిన గడ్డం, ఈ కారు చుట్టూ మెల్లిగా తిరిగారు. మళ్ళీ ఒకసారి తిరిగారు. వంగి నాలుగు మూలలూ చూసి, నిబంధనల పుస్తకం తెప్పించి చాలాసేపు వెతికారు. నాలుగు చక్రాలకీ నాలుగు రకాల స్ప్రింగులు ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఆ ఊహ రాలేదు. చేసేదిలేక సంతకం పెట్టి, పైడితల్లి వైపు తిరిగి, ఇక్కడికి వచ్చినట్టు ఇంట్లో చెప్పావా అమ్మా అని ఇంగ్లీషులో అడిగారు.

పోటీ మొదలైంది. కొన్ని చుట్లలోనే పైడితల్లి ఆ కారు స్వభావం కనిపెట్టింది. సంఘం సభ్యులతో ఎలా మెలగాలో దాంతోనూ అలాగే మెలగాలి. ఎవరిమీదా ఒక్కసారిగా బరువు వెయ్యకూడదు. ఎడం మలుపు మెల్లిగా తీస్తే సివిల్ చక్రం ఎగరదు. కుడి మలుపు వెడల్పుగా తీస్తే కంప్యూటర్స్ చక్రం కూలబడదు. ఎర్ర దీపాన్ని పట్టించుకోకూడదు. మెరిసే బంగారు రంగు షాకబ్జార్బర్ల కార్లు ఆమెని దాటుకుని రివ్వున పోయాయి. వాటిలో కొన్ని తరవాత పక్కన గడ్డిలో కనిపించాయి. ఆమె పోతూనే ఉంది. తడిపిన గోనె సంచి ఎప్పుడో ఆరిపోయింది. కాళ్ళు రెండూ బిగబట్టి, సీటుకి నడుము ఆనీ ఆనకుండా ఎత్తి పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నడిపింది. అటువైపు కంచె వెనక సింహాద్రి చేతులు ఊపుతూ కనిపించాడు. ఇంకొక్క చుట్టే మిగిలింది.

ఆఖరి మలుపులో ఇంజను దగ్గింది. ఆయిలు మరిగి మరిగి నీళ్ళయిపోయింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. ఆమె కంగారుపడలేదు. సాలూరు ఘాటీలో దిగేటప్పుడు నాన్న ఆటోని గేరులోంచి తీసేసి ఊరికే దొర్లనిచ్చేవాడు. అలాగే దొర్లనిచ్చింది. కారు మెల్లమెల్లగా, చప్పుడు లేకుండా గమ్యం గీత వైపు వచ్చింది. ఈశాన్య చక్రం గీత దాటింది. ఆగ్నేయ చక్రం దాటింది. కారు నిలిచిపోయింది. గీత సరిగ్గా ఆమె సీటు కింద ఉంది.

నాలుగు చక్రాలూ దాటితేనే గమ్యం చేరినట్టు. పోటీ గడువు ముగిసిందని సైరను మోగేలోగా జట్టువాళ్ళు తోసి దాటించవచ్చునని కూడా నిబంధనల్లో ఉంది. పైడితల్లి దూకి వెనక్కి పరిగెత్తింది. సింహాద్రి కంచె దాటి వచ్చాడు. ఇద్దరూ భుజాలు ఆనించారు. ఎలక్ట్రానిక్స్ హెడ్డుగారు, కంప్యూటర్స్ హెడ్డుగారు చొక్కా చేతులు మడిచి వచ్చి చెరోపక్కా నిలబడి తోశారు. కారు కదలలేదు. పైడితల్లి తల ఎత్తి చూసింది.

ముందు పక్క మెకానికల్ హెడ్డుగారు, భద్రయ్యగారు ఇద్దరూ కారు మూతికి రెండు చేతులూ ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, ఇటు తోస్తున్నారు.

"సార్, వదిలీండి సార్," అన్నాడు సింహాద్రి. మెకానికల్ హెడ్డుగారు అతనికి పాఠం చెప్పిన గురువు. "ఒక్క తోపు తోస్తే అయిపోద్ది."

"మా చక్రాలు స్వశక్తితో గమ్యం చేరాయి," అన్నారాయన, రొప్పుతూ. "నడిచి వచ్చిన చక్రానికీ, తోసుకొచ్చిన చక్రానికీ ఒకటే గౌరవమా?"

"మాది పునాదిలాంటి స్ప్రింగు," అన్నారు భద్రయ్యగారు, ఒక్క అంగుళం జరక్కుండా.

వెనకవాళ్ళు అన్యాయమన్నారు. ముందువాళ్ళు, ముందు, వెనక అనే మాటలు రద్దయిపోయాయి, ఈశాన్యం అనండి అన్నారు. సర్వేశ్వరరావుగారు వచ్చి మధ్యలో నిలబడి, చేతులు చాచి, అందరూ కారు మీదనుంచి చేతులు తియ్యాలని, విషయం చర్చించి సమన్యాయం జరిపించే బాధ్యత తనదని చెప్పి, పరుగుబాట మీదే అత్యవసర సమావేశం ప్రారంభించారు. గత సమావేశం నిర్ణయాలు చదివి ఆమోదించారు. పైడితల్లీ సింహాద్రీ మళ్ళీ కారుకి భుజం ఆనించబోతే, తీర్మానం అయ్యేవరకూ ఎవరూ ముట్టుకోకూడదని ఇద్దరు సభ్యులు అడ్డం నిలబడ్డారు. నాలుగు శాఖలూ కలిసి, ఏకకాలంలో, సమాన బలంతో తోయవలెనని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులు చప్పట్లు కొడుతూండగా సైరను మోగింది.

తమిళ పెద్దమనిషి జెండా దించి, కాసేపు వాళ్ళని చూసి, టోపీ తీసి తల గోక్కుని వెళ్ళిపోయారు.

కాలేజీకి తిరిగొచ్చిన మర్నాడే గేటు దగ్గర రెండు ఫ్లెక్సీలు లేచాయి. ఒకటి మెకానికల్ శాఖ ఘనవిజయం, ఒకటి సివిల్ శాఖ ఘనవిజయం. మిగతా రెండు శాఖలూ ఫిర్యాదు పెట్టాయి. రెండు చక్రాలు అటు, రెండు చక్రాలు ఇటు పడేలా కారు ఆపడం డ్రైవరు పక్షపాతానికి నిదర్శనమని, ఆమె మీద విచారణ జరగాలని, షెడ్డు వెంటనే పంచాలని. షెడ్డు నేల మీద సివిల్ వాళ్ళు సున్నంతో గోడల గీతలు కూడా గీసేశారు.

విచారణలో సింహాద్రి ముందు మాట్లాడాడు. గాలి తగలకపోతే ఆయిలు చల్లారదని, జతకాని స్ప్రింగులతో బండి నిలకడగా పోదని, తప్పు ఆ పిల్లది కాదని ఉన్నదున్నట్టు చెప్పాడు. విద్యార్థి సాంకేతిక విషయాలు ప్రస్తావించి చర్చను పక్కదారి పట్టించాడని మినిట్సులో రాసుకున్నారు. అతను పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. అప్పుడు పైడితల్లిని లేవమన్నారు.

ఆమె లేచింది. చున్నీ కొస వేళ్ళకి చుట్టుకుంది. సింహాద్రి నిజం చెప్పాడు, దాని గతేమయిందో ఆమె చూసింది. తిరిగొచ్చే దారిలో బస్సులో కూర్చుని ఆమె ఈ నలుగురూ మాట్లాడుకోవడమే విన్నది. వీళ్ళకి అర్థమయ్యే భాష ఏమిటో ఆమెకి తెలిసింది.

"తప్పు నాదేనండి," అంది. గొంతు వినపడక గట్టిగా చెప్పమన్నారు. "తప్పు నాదే గానండి, కారుది కూడా ఉందండి. అలాటి కారు ఎవులు తోలినా రెండు సక్రాలే ముందు దాటతాయండి. పక్కకి తోలినా రెండే దాటతాయి."

నలుగురూ ముందుకి వంగారు. ఇంతవరకూ ఎవరూ అంత న్యాయంగా మాట్లాడలేదు.

"నాలుగు సక్రాలూ ఒకే ఇరుసు మీద, పక్కపక్కన ఒకే వరసలో పెడితేనండి, ముందెవులూ ఉండరు, ఎనకెవులూ ఉండరు. నాలుగూ ఒక్కసారే గీత దాటతాయి."

సింహాద్రి నోరు తెరిచి ఆమెని చూస్తున్నాడు.

భద్రయ్యగారికి వృత్తిరీత్యా ఒక సందేహం వచ్చింది. "నిలబడుతుందామ్మా అది?"

"నిలబడదండి," అంది పైడితల్లి. "పడితే మాత్రం నాలుగూ ఒక్కసారే పడతాయి."

ఎలక్ట్రానిక్స్ హెడ్డుగారు కంప్యూటర్స్ హెడ్డుగారి చెయ్యి పట్టుకున్నారు. మెకానికల్ హెడ్డుగారు అవునవునంటూ తల ఊపారు. సర్వేశ్వరరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఈ కళాశాల స్థాపించినప్పటినుంచీ ఇంత సమతాదృష్టి గల విద్యార్థిని తాను చూడలేదన్నారు. పక్షపాతం ఆరోపణ కొట్టేశారు. ఆ కారు నిర్మాణం ఆమెకే అప్పగించాలని అక్కడికక్కడే తీర్మానించారు.

"ఒక్కటేనండి," అంది ఆమె, కూర్చోబోతూ ఆగి. "ఇరుసు శానా పొడుగొస్తాదండి. షెడ్డంత. షెడ్డులో గోడలు కడితే పట్టదు."

గోడల తీర్మానం రద్దయింది. సున్నం గీతలు నీళ్ళు పోసి కడిగేశారు, నాలుగు శాఖల అటెండర్లూ నాలుగు బకెట్లతో.

ఇప్పుడు షెడ్డు గోడ పొడుగునా ఇనుప ఇరుసు ఒకటి ఉంది. దానికి నాలుగు చక్రాలు, నాలుగు శాఖల పేర్లతో నాలుగు బోర్డులు. ప్రతి శనివారం సంఘం వస్తుంది. నలుగురు హెడ్లూ వరసగా నిలబడి చక్రానికి చక్రానికి మధ్య దూరం కొలిపించుకుంటారు, ఎవరి బోర్డు మీదా దుమ్ము ఎక్కువ పడలేదని తృప్తి పడతారు, పని ఎంతవరకూ వచ్చిందని అడుగుతారు. సమానంగా జరుగుతోందండి అని పైడితల్లి చెప్తుంది. ఆ మాట అబద్ధం కాదు. ఇరుసు మీద ఏ చక్రానికీ ఎవరూ ఏమీ చెయ్యడం లేదు.

వాళ్ళు వెళ్ళి, బూట్ల చప్పుడు జీడితోట దాటేదాకా ఆమె గుమ్మంలో నిలబడుతుంది. తరవాత లోపలికి వచ్చి, మూల ఉన్న టార్పాలిన్ లాగేస్తుంది. దాని కింద పోటీకి వెళ్ళొచ్చిన ఆ చిన్న కారే, ఇప్పుడు నాలుగు మూలలా ఒకే మోడలు పాత షాకబ్జార్బర్లు. సింహాద్రి లైటు పట్టుకుంటాడు. పైడితల్లి కారు మూతి దగ్గర నేల మీద కూర్చుని, గాలికి ఎదురుగా ఆయిల్ కూలరు నట్లు బిగిస్తుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు.